సర్ రోనాల్డ్ రాస్ – పది అణాల పద్దు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు పెట్టారు. నేను డాక్టరును కాను, సైన్సు చదివినవాణ్ణీ కాను. 1973లో గుమాస్తాగా చేరి 2009లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అయితే ఆ ముప్పై ఆరేళ్లలో మొదటి పదకొండేళ్లు మలేరియా విభాగం ఫైళ్ల మధ్యనే గడిచాయి. అందుకని ఆ జబ్బు గుట్టు విప్పిన సర్ రోనాల్డ్ రాస్ గారి జీవితం నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఆయన ఆ పని చేసింది లండన్లో కాదు, మన బేగంపేటలో. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మా ఊరు కల్హేర్. నా చిన్నతనంలో మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో మెదక్ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. జిల్లాలు మారినా చలిజ్వరం మాత్రం ఊళ్లోనే ఉండేది. వానలు వెనకబట్టాక ఇంటికొకరు గొంగడి కప్పుకుని వణుకుతూ పడుకునేవారు. రోజు విడిచి రోజు, చెప్పినట్టు అదే వేళకు వచ్చేది. పిల్లలకు కడుపులో బల్ల పెరిగి పొట్ట ముందుకొచ్చేది. గాలి సోకిందని, నీళ్లు పడలేదని, దిష్టి అని ఎవరికి తోచింది వారు చెప్పేవారు. దోమ సంగతి ఎత్తితే మా అమ్మ నవ్వేది. ఆమెను తప్పు పట్టలేము. 1897 వరకు ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా తెలియదు. మలేరియా అనే మాటకు అర్థమే చెడు గాలి అని.

రాస్ గారు 1857 మే 13న హిమాలయాల దగ్గర అల్మోరాలో పుట్టారు. తండ్రి ఇక్కడి సైన్యంలో జనరల్ హోదాకు ఎదిగినవాడు. పదిమంది సంతానంలో ఈయన పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండు పంపించారు. పిల్లవాడికి కవిత్వం, బొమ్మలు, సంగీతం మీద మనసు. తండ్రికి మాత్రం కొడుకు డాక్టరై హిందూదేశం వైద్య సర్వీసులో చేరాలని పట్టు. చివరకు తండ్రి మాటే నెగ్గింది. లండన్లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి కాలేజీలో చేరారు గాని, చదువు అంతంత మాత్రమే. ఒక పరీక్ష తప్పి కొంతకాలం ఓడల మీద డాక్టరుగా పనిచేశారు. 1881లో సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. మొదటి పది పన్నెండేళ్లలో కథలు, కవితలు, గణితం – ఇవే ఆయన లోకం. మన ఆఫీసుల్లో అలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు!

కాని కన్ను మాత్రం చురుకైనది. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు తన బంగళాలో దోమలు విపరీతంగా ఉండటం చూసి, కిటికీ పక్కన పెట్టిన నీళ్ల తొట్టిలో పురుగులు కదలటం గమనించారు. ఆ తొట్టి బోర్లిస్తే గదిలో దోమలు తగ్గాయి. మిగతా చోట్ల కూడా అలాగే చేద్దామని పై అధికారిని అడిగితే ఆయన కొట్టిపారేశాడు. దోమలను సృష్టిలో ఉన్న కష్టాలలో ఒకటిగా భరించాలని ఆయన అభిప్రాయం. అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధం ఎవరికీ తెలియదు. అయినా నిలవనీరు తీసేస్తే దోమ పోతుందన్న ఇంజనీరింగు ముక్క ఆయన బుర్రలో ఆనాడే పడింది. సెలవులో ఇంగ్లండు వెళ్లినప్పుడు ప్రజారోగ్యంలో డిప్లొమా తీసుకున్నారు. 1889లో పెళ్లి చేసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోగి రక్తంలో మలేరియా క్రిమిని 1880లోనే ఆల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు కనిపెట్టారు. కాని ఆ క్రిమి ఒకరి రక్తంలో నుంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా పోతుందన్నది తేలలేదు. 1894లో సెలవుపై లండన్ వెళ్లిన రాస్ గారిని పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు పిలిచి మైక్రోస్కోపులో ఆ క్రిమిని చూపించారు. దోమ దాన్ని మోస్తుందేమో చూడు అన్నారు. మాన్సన్ గారి ఊహలో సగమే నిజం. దోమ నీళ్లలో చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నారు. ఆ మిగతా సగం అబద్ధం వల్ల శిష్యుడికి రెండేళ్లు వృథా అయ్యాయి.

1895లో రాస్ గారు సికింద్రాబాదు వచ్చారు. బేగంపేటలో సైనిక ఆసుపత్రి. దోమలను పట్టించి, జ్వరం ఉన్నవారిని కుట్టించి, ఆ దోమలను కోసి చూడటం మొదలుపెట్టారు. కుట్టించుకున్న రోగులకు అణాల లెక్కన డబ్బు ఇచ్చేవారు. దోమలు చచ్చిన నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశారు. ఈ రోజుల్లో అయితే ఏ కమిటీ ఒప్పుకోదు. ఆ మనుషులకు తాము తాగేది ఏమిటో పూర్తిగా తెలుసునని నేను అనుకోను. రాస్ గారిని గొప్పవాడని రాస్తూనే ఈ మాట కూడా రాయాలి.

అన్నీ విఫలమే. కారణం ఏమిటంటే ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు. మధ్యలో కలరా వచ్చిందని ఆ ఏడే బెంగుళూరు పంపించారు. అక్కడ కాలువలు, బావులు, చెత్త శుభ్రం చేయించటంలో చాలాకాలం పోయింది. పరిశోధన ఆగిందని ఆయన వాపోయారు. కాని ఊరి పారిశుద్ధ్యం ఎలా నడుస్తుందో, డబ్బు ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలిసింది అక్కడే. 1897లో ఊటీ దగ్గర సిగూరు లోయకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నారు. ఆ జూన్‌లో తిరిగి సికింద్రాబాదు.

ఆగస్టు నెల. ఉక్క. పంకా లాగిస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా మానేశారు. నుదుటి మీది చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. పైఅద్దం పగిలింది. ఆగస్టు మధ్యలో ఆయన నౌకరు ఒకడు ఎక్కడి నుంచో కొన్ని దోమ పురుగులు తెచ్చాడు. సీసాలో అవి రెక్కలు తొడిగితే, ఆ రెక్కల మీద మచ్చలున్నాయి. అది వరకు ఆయన పెంచని జాతి. ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నది ఆ జాతినే. ఆయనకు అప్పటికి దాని పేరు కూడా తెలియదు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ మచ్చల దోమలను వదిలారు. పది దోమలు కుట్టాయి. దోమకు అణా చొప్పున పది అణాలు చెల్లించారు. తరువాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నిటిని కోస్తే ఏమీ కనబడలేదు. ఆగస్టు 20న, అంటే కుట్టిన నాలుగో రోజు, మధ్యాహ్నం వేళ ఇంకో దోమను కోశారు. అంతా వెతికి, చివరకు కడుపు పొర చూస్తే అందులో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనబడ్డాయి. మలేరియా క్రిమిలో ఉండే రేణువులే అవి. మర్నాడు మిగిలిన దోమను కోస్తే కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమ కడుపులో బతికి పెరుగుతున్నది. ఆ ముక్క చాలు. ఈ సంగతి ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇప్పటికీ ఏటా ఆగస్టు 20ని దోమల దినంగా పాటిస్తున్నారు.

నాలాంటి గుమాస్తాకు గుండె గుభేలుమనే ఘట్టం దీని తరువాత వస్తుంది. సెప్టెంబరులోనే బదిలీ ఆర్డరు వచ్చింది. ముందు బొంబాయి, అక్కడి నుంచి రాజపుతానాలోని ఖేర్వాడా. అక్కడ పరిశోధనకు సరిపడా మలేరియాయే లేదు. ప్రపంచంలో ఆ ప్రశ్నకు జవాబు అంచుదాకా వచ్చిన మనిషిని ఆ జబ్బు లేని చోటికి పంపారు. పగబట్టి ఎవరూ చేయలేదు. ఖాళీ ఉంది, వంతు వచ్చింది, కాగితం కదిలింది. అంతే. రాస్ గారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, రాజీనామా చేస్తానని కూడా అన్నారు. లండన్ నుంచి మాన్సన్ గారు పైవాళ్లకు నచ్చజెప్పి, 1898 ఫిబ్రవరికి స్పెషల్ డ్యూటీ మీద కలకత్తాకు వేయించారు. అయిదు నెలలు పోయాయి.

కలకత్తాలో ప్లేగు భయం. సూది చూస్తే జనం పారిపోయేవారు, రక్తం చుక్క ఇచ్చేవారు లేరు. అందుకని పిట్టల్లో వచ్చే మలేరియాను పట్టుకున్నారు. పిచ్చుకలను, కాకులను పట్టించి పని సాగించారు. 1898 జూలైలో క్రిమి దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథిలోకి చేరుతుందని, కుట్టినప్పుడు ఆ దారినే రక్తంలోకి పోతుందని తేలింది. అలాంటి దోమలతో కుట్టించిన ఆరోగ్యమైన పిచ్చుకలలో చాలా మటుకు జబ్బు పడ్డాయి. నీళ్లు తాగటం వల్ల కాదు, కాటు వల్ల. ఆ నెలలోనే ఎడిన్‌బరోలో డాక్టర్ల మహాసభలో మాన్సన్ గారు ఈ సంగతి ప్రకటించారు. ఈ పనిలో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు, కిశోరీ మోహన్ బందోపాధ్యాయ అనే యువకుడు తోడున్నారు. కిశోరీ మోహన్ గారికి తరువాత బంగారు పతకం వచ్చింది. మహమ్మద్ బక్ష్ పేరు పుస్తకాలలో ఒక మూల ఉంది.

మనుషుల మలేరియా విషయంలో అనాఫిలిస్ దోమ పాత్రను పూర్తిగా రుజువు చేసింది ఇటలీ వారు. గ్రాసి, బిగ్నామి, బాస్టియానెల్లి అనే ముగ్గురు 1898 చివరలో ఆ పని చేశారు. ఎవరు ముందు అన్న తగాదా జీవితాంతం నడిచింది. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఒక్క రాస్ గారికే ఇచ్చారు. గ్రాసి గారి పేరు ఎత్తితే ఈయనకు ఒళ్లు మండేది. నా ఉద్దేశంలో ఇద్దరికీ పంచి ఇచ్చి ఉంటే బాగుండేది.

బహుమతి దగ్గర కథ ఆపేవారే ఎక్కువ. ఆయన అసలు గొప్పతనం ఆ తరువాతే ఉందని నాకు అనిపిస్తుంది. 1899లో సర్వీసు వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో చేరారు. మందు గోలీలు పంచటం కంటే నీళ్లు నిలవకుండా చేయటం మేలని ఊరూరా తిరిగి చెప్పారు. ఆఫ్రికాలో సియెరా లియోన్ వెళ్లి, ఫ్రీటౌన్ వీధుల్లో గుంటలు పూడ్చి, డబ్బాలు ఏరి, నీటి మీద నూనె చల్లే దళాలను పెట్టించారు. 1902లో సూయజ్ కాలువ కంపెనీ పిలిస్తే ఈజిప్టులోని ఇస్మాయిలియా వెళ్లారు. ఎడారిలో ఊరికి మంచినీటి కాలువ తెచ్చాక అక్కడ మలేరియా పుట్టింది. ఏటా వెయ్యికి పైగా కేసులు. చిత్తడి పూడ్చి, కాలువ గట్లు సరిచేసి, ఇళ్ల కింది గుంటలకు నూనె పోయిస్తే మరుసటి ఏటికే కేసులు వందల్లోకి దిగి, మూడు నాలుగేళ్లలో కొత్త కేసులు దాదాపు నిలిచిపోయాయి. డాక్టరు చెప్పింది మేస్త్రీ, కూలీ చేస్తే వచ్చిన ఫలితం ఇది.

అన్నిచోట్లా అలా జరగలేదు. లాహోరు పక్కన మియాన్ మీర్ కంటోన్మెంటులో ప్రభుత్వం ఇలాంటి ప్రయోగమే 1902లో మొదలుపెట్టింది. అది కాలువల కింద సాగయ్యే నేల. కొద్ది చోట, కొద్ది డబ్బుతో చేసి, దోమలు తగ్గలేదు కాబట్టి ఈ పద్ధతి పనికిరాదన్నారు. రాస్ గారు మండిపడ్డారు. ముందెన్ని దోమలు, తరువాత ఎన్ని అని లెక్క సరిగా పెట్టకుండా తీర్పు ఎలా చెప్తారని ఆయన వాదన. మా నల్లవాగు ప్రాజెక్టు కాలువల వెంట, తూముల దగ్గర ఊటనీరు నిలిచే గుంటలు చూసినవాణ్ణి గనుక ఈ తగాదా నాకు బాగా అర్థమవుతుంది. నీళ్లు రావాలి, పంట పండాలి. కాని కాలువ తవ్విన ఎస్టిమేటులో మురుగు పోయే దారికి పద్దు ఉండదు.

లెక్క అన్నాను కదా. 1907–08లో మారిషస్ దీవికి వెళ్లినప్పుడు వేలమంది పిల్లల కడుపులు తడిమి బల్ల ఎంతమందికి ఉందో లెక్క తీయించారు. దాన్ని బట్టి ఏ ఊళ్లో మలేరియా ఎంత ఉందో కట్టారు. చిన్నప్పటి గణితం పిచ్చి ఇక్కడ పనికొచ్చింది. దోమలన్నిటినీ చంపనక్కరలేదని, మనిషికి ఇన్ని అన్న హద్దు కంటే తగ్గిస్తే జబ్బు తనంతట తానే కరిగిపోతుందని సమీకరణాలు రాసి చూపించారు. 1910లో దీని మీద పెద్ద పుస్తకం వేశారు. ఇప్పుడు అంటురోగాల అంచనాలు కట్టే గణితానికి అది ఒక పునాది. కరోనా రోజుల్లో టీవీలో రోజూ చూపించిన గీతలకు కూడా ఆ లెక్కలతో బంధుత్వం ఉంది.

పింఛనుదారులకు ఆయన చివరి రోజులు ముఖ్యంగా చెప్పాలి. 1911లో సర్ బిరుదు వచ్చింది గాని చేతిలో డబ్బు లేదు. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్ గారికి నూరేళ్ల కిందట ఇంగ్లండు పార్లమెంటు 10,000 పౌండ్లు ఒకసారి, 20,000 పౌండ్లు మరోసారి ఇచ్చింది. ఆ ముందు ఉదాహరణ చూపి రాస్ గారు దరఖాస్తు పెట్టుకుంటే తోసిపుచ్చారు. ప్రిసిడెంటు ఉన్నా పని కాని దరఖాస్తు మనకు కొత్త కాదు. 1926లో లండన్లో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ పెట్టారు. 1927లో పక్షవాతం వచ్చింది. 1928లో తన ఉత్తరాలు, నోటుబుక్కులు అన్నీ అమ్మకానికి పెట్టారు. లేడీ హూస్టన్ అనే ధనవంతురాలు 2000 పౌండ్లకు కొన్నారు. భార్య 1931లో పోయారు. ఆయన 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

ఆ కాగితాలు అమ్ముడుపోయినా పోలేదు, భద్రంగా ఉన్నాయి. హుసేన్ ఖాన్ అనే పేరూ, పది దోమలూ, పది అణాలూ మనకు తెలిసింది ఆయన ప్రతిదీ రాసి పెట్టబట్టే. ఆయన కోపిష్టి, గర్విష్టి, ఇక్కడి మనుషుల మీద దొరతనం చూపినవాడే. కాని పద్దు దాచలేదు.

ఇక నా పద్దు. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది పోయేవారని ప్రభుత్వ అంచనా. 1953లో డి.డి.టి. కొట్టటం మొదలై, 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగాయి. మా ఇంటి తలుపు పక్కన మందు కొట్టిన తేదీ రాసి పోయేవారు. ఇక పోయిందనుకుని అందరమూ నిమ్మళించాము. 1976కు మళ్లీ అరవై నాలుగు లక్షలు. ఆ రోజుల్లో నేను ఒక ఆఫీసులో స్టోర్సు సీటు చూసేవాణ్ణి. వర్కర్లు పదిహేను రోజులకోసారి ఇల్లిల్లూ తిరిగి, జ్వరం ఉన్నవారి వేలు పొడిచి రక్తం అద్దం మీద రాసి, నాలుగు క్లోరోక్విన్ గోలీలు ఇచ్చి వచ్చేవారు. ఆ స్లైడు పరీక్షలో క్రిమి తేలితే పూర్తి మందు ఇవ్వాలి. స్లైడు పరీక్షకు రంగు మందు కావాలి. ఆ స్టెయిన్ కోసం ఒక ల్యాబు నుంచి ఇండెంటు వచ్చింది. కిందటి సరుకు వాడిన సర్టిఫికెట్టు జత చేయలేదని నేను ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపాను. మళ్లీ వచ్చింది. తేదీ లేదని మళ్లీ పంపాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఈ లోపల స్లైడ్లు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి.

ఆ కట్టల్లో మా చిన్నమ్మ కొడుకుది ఒకటి ఉంది. పదకొండేళ్లవాడు. నన్ను అన్నా అన్నా అని వెంట తిరిగేవాడు. నాలుగు గోలీలతో జ్వరం తగ్గి, మళ్లీ తిరగబెట్టి, తలకెక్కింది. ఎడ్లబండి మీద నారాయణఖేడ్ తెచ్చేసరికి ఆలస్యమైంది. వాడు పోయిన ఇరవై రెండో రోజున రిజల్టు వచ్చింది. నెలవారీ రిపోర్టు కోసం రిజిస్టరు తిరగేస్తుంటే వాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో పి.ఎఫ్. అని ఉంది. అంటే ప్రాణాంతకమైన రకం. స్టెయిన్ సకాలంలో చేరి ఉంటే వాడు బతికేవాడని ఖాయంగా చెప్పలేను. బతికేవాడు కాదని కూడా చెప్పలేను. చిన్నమ్మకు ఈ ఇండెంటు సంగతి నేను ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేదు గనుక రాస్తున్నాను.

ఆ తరువాత ల్యాబు నుంచి వచ్చే ఇండెంటు ఏదైనా ముందు సరుకు పంపించి, సర్టిఫికెట్టు వెనక తెప్పించుకునేవాణ్ణి. దాని మీద ఆడిట్ వారు రెండుసార్లు సంజాయిషీ అడిగారు. రాసి ఇచ్చాను.

రాస్ గారి కనుగోలుకు నూరేళ్లు నిండిన 1997లో హైదరాబాదులో పెద్ద సభలు జరిగాయి. ఆ రోజుల్లో ఒకసారి బేగంపేట వెళ్లి, పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో ఉన్న పరాన్నజీవుల పరిశోధన సంస్థ భవనాన్ని చూసి వచ్చాను. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారిది. పెద్ద ఆర్భాటం లేని పాత కట్టడం, చుట్టూ చెట్లు. గేటు దగ్గర ఉన్నాయన ఎవరు కావాలని అడిగితే ఏం చెప్పాలో తోచక, మలేరియా డిపార్టుమెంటులో పనిచేశానని మాత్రం చెప్పాను. లోపలికి రానిచ్చి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

మా తమ్ముడి పేరున్న రిజిస్టరు ఇప్పుడు లేదు. కాలపరిమితి తీరిన రికార్డులతో పాటు 1988లో తగలబెట్టారు. అప్పటికి నేను వేరే విభాగంలో ఉన్నాను. కాని ఆ జాబితా సరిచూడటానికి పాత మనిషినని నన్నే పిలిపించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టి వచ్చాను.